కోళ్ళ జాలి ఛత్రి నుంచి అమ్మ ఫ్రీ డిష్ దాకా

మొన్న సంక్రాంతికి ఊరికి పోతే అమ్మ చెప్పిన మొదటి మాట, టీవీలో దూరదర్శన్ యాదగిరి ఛానల్ రావట్లేదు అని. నేనింకా బ్యాగ్ కూడా కింద పెట్టలేదు. రెండు రోజుల నుంచి నీలం తెర మీద 'నో సిగ్నల్' తప్ప ఏం లేదంట, కోతుల మంద మిద్దె మీద దుంకి దుంకి డిష్‌ని కదిలించి పోయింది. సరే అని పైకెక్కా. నేను పైన డిష్ పట్టుకుని, అమ్మ లోపల టీవీ ముందు, మధ్యలో గడప దగ్గర కుర్చీ వేసుకుని నాయిన. అమ్మ చెప్పేది నాకు వినపడేట్టు అరవడం ఆయన పని. "వచ్చిందా?" "రాలే." "ఇప్పుడు?" "ఇంకింత పక్కకనమంటుంది మీ అమ్మ." ముప్పై ఐదేళ్ళ కింద ఇదే మిద్దె మీద ఇదే డ్యూటీ చేశా, కాకపోతే అప్పుడు చేతిలో ఉన్నది డిష్ కాదు, అల్యూమినియం కడ్డీల యాంటెనా.

అదే మాట పైనుంచి అన్నా, చూడు నాయిన, యాంటెనా పోయి డిష్ వచ్చింది కానీ మన తిప్పలు మారలేదు అని. ఆయన తల పైకెత్తి చాలా మామూలుగా ఒక మాట అన్నాడు. "యాంటెనా పోయి డిష్ వచ్చుడేంది, మన ఊరికి మొదలు వచ్చిందే డిష్. కోళ్ళ జాలితోని చేసిన పెద్ద ఛత్రి, బడి ముంగట ఉండె. నీ యాంటెనా దాని తర్వాత వచ్చింది."

నిజం చెప్పాలంటే నేను నమ్మలేదు. మాది పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో జడ్చర్ల దాటాక లోపలికి పోయే పల్లె, నేను పుట్టాక కూడా చాన్నాళ్ళు సరిగ్గా బస్సు లేని ఊరు, అలాంటి ఊరికి యాంటెనా కంటే ముందు శాటిలైట్ డిష్ ఎట్లా వస్తుంది, నాయినకి ఏళ్ళు కలిసిపోయి ఉంటాయి అనుకున్నా. ఇంకో మాట కూడా అన్నాడు, ఆ ఛత్రి పడమర దిక్కు మొహం పెట్టి ఉండేదట. అక్కడ నా అనుమానం ఇంకా గట్టిపడింది, ఎందుకంటే దూరదర్శన్ వాళ్ళ ఫ్రీ డిష్ అయినా ఇంకో డీటీహెచ్ అయినా మా ఊళ్ళో ఏ మిద్దె మీద చూసినా డిష్‌లన్నీ ఆగ్నేయం వైపో, తూర్పుకో దక్షిణానికో వంగి ఉంటాయి కానీ పడమర చూసే డిష్ ఒక్కటీ లేదు.

ఆ రాత్రి ఫోన్‌లో చదువుకుంటూ కూర్చున్నా. తెల్లారేసరికి నాయిన చెప్పిన ప్రతి ముక్కా నిజమని తేలింది.

1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా సరిగ్గా ఏడాది పాటు మన దేశంలో సైట్ అని, ఉపగ్రహం నుంచి నేరుగా పల్లెలకి టీవీ చూపించే ఒక ప్రయోగం జరిగింది. అంతరిక్ష శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్ కన్న కల అది, 1969లోనే నాసాతో ఒప్పందం కుదిరింది కానీ మొదలయ్యే రోజు చూడకుండానే 1971లో ఆయన పోయారు. నాసా వాళ్ళ ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఏడాదికి మనకి వాడుకోనిచ్చారు. ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలు ఎంచుకున్నారు, అవీ వెనకబడిన జిల్లాల్లో. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాద్ జిల్లాల పల్లెలు ఆ లెక్కలోకి వచ్చాయి. మా పాలమూరు కరువు జిల్లా అవ్వడం వల్ల మొదటిసారి ఒక మంచి జరిగిందన్నమాట. ఆ ఏటీఎస్-6 ఎక్కడ నిలబడి ఉండేదో తెలుసా, 35 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, అంటే ఆఫ్రికా నెత్తి మీద. మనకి అది పడమర దిక్కు! పదమూడేళ్ళ పిల్లగాడు యాభై ఏళ్ళ కింద చూసిన దిక్కు, డిగ్రీల లెక్కతో సరిపోయింది. పొద్దున్నే ఆయన పళ్ళు తోముకుంటుంటే పోయి చెప్పా. "నేను చెప్పలేదా" అని కూడా అనలేదు, తల ఊపి ఊరుకున్నాడు.

ఇక్కడ ఇంకో సంగతి, నాకు బాగా నచ్చింది. ఆ పెద్ద ఛత్రి మూడు మీటర్ల వెడల్పు, నిజంగానే కోళ్ళ గూటికి కొట్టే ఇనప జాలితో చేశారు. జాలి అంటే అన్నీ కన్నాలే కదా, సిగ్నల్ జారిపోదా అని నాకూ డౌట్ వచ్చింది. ఏటీఎస్-6 సిగ్నల్ 860 మెగాహెర్ట్జ్ మీద వచ్చేది, ఆ అల పొడవు 35 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అంత పెద్ద అలకి కోళ్ళ జాలి కన్నం కన్నమే కాదు, గోడ లాగే తగిలి వెనక్కి తిరుగుతుంది. ఇప్పటి డీటీహెచ్ అల మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు, అందుకే దీనికి కన్నాల్లేని గట్టి రేకు కావాలి, కానీ రెండడుగుల రేకు చాలు. జాలి తేలిక, చవక, గాలికి కొట్టుకుపోదు, ఏ మండలంలో అయినా దొరుకుతుంది. అప్పటి ఇంజినీర్ల బుర్రకి దండం పెట్టాలి. ఇంక ఆ టీవీ సెట్లు తయారైంది ఎక్కడో కాదు, మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ లోనే.

అంటే హైదరాబాద్ నగరానికి సొంత టీవీ స్టేషన్ లేని రోజుల్లో పాలమూరు పల్లెలో శాటిలైట్ టీవీ ఆడింది. ఇది చదివాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

నాయినకి గుర్తున్నవి అడిగి అడిగి చెప్పించుకున్నా. చెక్కపెట్టెలో టీవీ, దానికి తాళం, తాళంచెవి పంతులు దగ్గర. పొద్దున బడి పిల్లలకి ప్రోగ్రాం, పొద్దుగూకాక ఊరందరికీ. బడి ముంగట చాపలు, గోనె సంచులు పరుచుకుని కూసుంటుండిరి, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క, పిల్లలు ముందర మట్టిలోనే. వ్యవసాయం గురించి, పశువుల గురించి, ఆరోగ్యం గురించి చెప్తుండిరి. హిందీ వార్తలు రాంగనే సగం జనం లేచి అన్నాలకి పోతుండిరి. "బొమ్మల మనిషి మూతి ఒక తీరు ఆడుతుండె, మాట ఒక తీరు వినపడుతుండె" అన్నాడు నాయిన. దానికీ కారణం దొరికింది. ఉపగ్రహంలో బొమ్మకి ఒకటే దారి, మాటకి రెండు దారులు. మనకీ కర్ణాటక వాళ్ళకీ ఒకే బొమ్మ పంపి, ఒక దారిలో తెలుగు, ఇంకో దారిలో కన్నడం వినిపించేవాళ్ళు. గుల్బర్గా వైపు పల్లెలో ఎవరో పిల్లగాడు అదే నిమిషంలో అదే ఎద్దుని చూస్తూ కన్నడంలో విన్నాడన్నమాట.

ఏడాది అయిపోయింది, ఉపగ్రహాన్ని వాళ్ళు వెనక్కి జరుపుకున్నారు. నాయినకి తెలిసిందల్లా ఒకరోజు సాయంత్రం చాపలు పరిచాక బొమ్మ రాలేదు, మర్నాడూ రాలేదు. కొన్నాళ్ళకి జాలి చినిగి వేలాడింది, ఎవరో విప్పుకుని తీసుకుపోయి నిజంగానే కోళ్ళ గూటికి కొట్టుకున్నారు.

ఇంక మన టీవీ స్టేషన్ కథ ఇక్కడే మొదలవుతుంది, చాలామంది దీన్ని కలిపి చూడరు. సైట్ కోసం తెలుగు కన్నడ ప్రోగ్రాములు తయారు చెయ్యడానికి హైదరాబాద్‌లో ఒక ప్రొడక్షన్ సెంటర్ పెట్టారు, ఢిల్లీ, కటక్‌లలో పెట్టినట్టే. అంటే మన దగ్గర ప్రసారం చేసే టవర్ కంటే ముందు ప్రోగ్రాం చేసే చెయ్యి పుట్టింది. సైట్ అయిపోయాక ఆ పల్లెల్ని మొత్తానికి వదిలెయ్యకుండా కొన్నిచోట్ల భూమ్మీదే ట్రాన్స్‌మిటర్లు పెట్టారు, జైపూర్, రాయ్‌పూర్, ముజఫర్‌పూర్, సంబల్‌పూర్, గుల్బర్గా, వాటితో పాటు హైదరాబాద్. 1977 అక్టోబర్ 23న అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి గారు హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రాన్ని ప్రారంభించారు. రామంతాపూర్‌లో ఇప్పటికీ సిటీ బస్సు కండక్టర్ 'టీవీ స్టేషన్' అని అరిస్తే దిగే జనం ఉంటారు, అదే అది. హైదరాబాద్ వాళ్ళు అది మా స్టేషన్ అనుకుంటారు, తప్పేం లేదు, కానీ అది పల్లె కోసం పుట్టి పట్నంలో పెరిగిన పిల్ల.

టవర్ సిగ్నల్‌కి ఒక గుణం ఉంది, అది ఎంత దూరం కనపడితే అంత దూరమే పోతుంది. హై పవర్ ట్రాన్స్‌మిటర్ అంటే పది కిలోవాట్లు, బాగా వస్తే డెబ్భై ఎనభై కిలోమీటర్లు. మా ఊరు సరిగ్గా ఆ పొలిమేర మీద ఉంది. అందుకే మా ఇంట్లో టీవీ కొన్న 1989లో కూడా బొమ్మ ఎప్పుడూ నిండుగా రాలేదు. ముప్పై అడుగుల ఇనప పైపు, దాని మీద కడ్డీల యాంటెనా, దానికి బూస్టర్, అక్కడినుంచి రిబ్బన్ లాంటి చప్పటి వైరు కిటికీ సందులోంచి లోపలికి. యాంటెనా మొహం ఈశాన్యానికి, అంటే రామంతాపూర్ దిక్కుకి. ఈశాన్యం దేవుడి మూల కదా, మా నాయనమ్మ టీవీ బొమ్మ బాగా రావాలని ఆ పైపు మొదట్లో పసుపు కుంకుమ పెట్టేది. నేను చూశా, నా కళ్ళతో. వానాకాలం బాగా వచ్చేది కాదు, చలికాలం పొద్దున్నే మాత్రం అద్దంలా వచ్చేది, ఒక్కోసారి ఎక్కడిదో తెలియని వేరే స్టేషన్ బొమ్మ దీని మీద దెయ్యంలా తేలేది.

ఆ మసక బొమ్మని తిట్టుకునేవాళ్ళం కానీ ఇప్పుడు ఆలోచిస్తే అందులో ఒక దయ ఉంది. అనలాగ్ సిగ్నల్ తగ్గేకొద్దీ బొమ్మలో చుక్కలు పెరుగుతాయి, గొంతు బరబరమంటుంది, కానీ మనిషి కనపడుతూనే ఉంటాడు, సగం బొమ్మని మన కళ్ళే పూరించుకుంటాయి. డిజిటల్ అట్లా కాదు. ఉంటే చుక్క లేకుండా ఉంటుంది, సిగ్నల్ కొంచెం కింద పడిందా గళ్ళుగళ్ళుగా గడ్డకట్టి, మరుక్షణం నీలం తెర. పొలిమేర మీద బతికే ఊళ్ళకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

తెలుగు వార్తల సంగతి చెప్పాలి. స్టేషన్ 1977లో మొదలైనా టీవీలో తెలుగు వార్తలు రావడానికి ఆరేళ్ళు పట్టింది. 1983 నవంబర్ 14 సాయంత్రం ఏడింటికి శాంతి స్వరూప్ గారు మొదటిసారి తెలుగులో వార్తలు చదివారు. టెలిప్రాంప్టర్ లేదు, దాదాపు పదేళ్ళు అది లేకుండానే చదివారు, కాగితంలో ఉన్నది ముందే గుర్తుపెట్టుకుని తలెత్తి మన కళ్ళలోకి చూసి చెప్పడం. ఇప్పుడు యూట్యూబ్‌లో నాలుగు వాక్యాలు తడుముకోకుండా చెప్పడానికి పది టేకులు తీసుకునే నాలాంటి వాళ్ళకి ఆ పని ఎంత కష్టమో అర్థమవుతుంది. మా ఊళ్ళో ఆయన్ని పేరుతో కాదు 'వార్తల సారు' అనేవాళ్ళు. 2011లో రిటైర్ అయ్యారు. 2024 ఏప్రిల్ 5న ఆయన పోయారని తెలిసిన రోజు నాయిన ఫోన్ చేసి "వార్తల సారు పోయిండంట" అన్నాడు, ఇంట్లో మనిషి పోయినప్పుడు చెప్పే గొంతుతో.

మిగతా ప్రోగ్రాముల గురించి రాయడం మొదలుపెడితే ఆగదు. శుక్రవారం చిత్రలహరికి వీధి వీధంతా ఖాళీ, టీవీ ఉన్న ఇంటి కిటికీలకి పిల్లలు గబ్బిలాల్లా వేలాడేవాళ్ళు. జాబులు జవాబులులో ఎవరి ఉత్తరమో చదివితే ఆ ఊరి పేరు వినపడ్డందుకే ఆ ఊరోళ్ళకి వారం రోజులు పండగ. పాడి మీద, పంటల మీద వచ్చే ప్రోగ్రాంని మా పెదనాయిన చేతిలో పెన్సిల్ పట్టుకుని చూసేవాడు, మందు పేరు రాసుకోవడానికి. మధ్యలో బొమ్మ పోయి 'అంతరాయానికి చింతిస్తున్నాము' అని పడేది. ఆ రెండు ముక్కల తెలుగు ఎవరు రాశారో గానీ ఎంత మర్యాద ఉంది అందులో. ఇప్పుడు నా టీవీ 'ఎర్రర్ కోడ్ 301' అంటుంది.

ఇదంతా రాష్ట్రం మొత్తానికి ఒకేలా లేదు, ఇది చాలామంది మర్చిపోతారు. 1982లో రంగుల ప్రసారం, ఢిల్లీ నుంచి నేషనల్ ప్రోగ్రాం మొదలయ్యాయి, మన ఉపగ్రహం ఇన్సాట్-1ఏ కొన్ని నెలలకే చచ్చిపోయింది, 1983లో ఇన్సాట్-1బీ ఎక్కాక అసలు ఊపు వచ్చింది. 1984లో కొన్ని నెలల పాటు దేశంలో రోజుకొకటి లెక్కన చిన్న ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయారు. వంద వాట్ల ట్రాన్స్‌మిటర్, పది పదిహేను మైళ్ళ చుట్టు, జనం భాషలో రిలే స్టేషన్. కానీ అది ఉపగ్రహం నుంచి ఢిల్లీ బొమ్మని పట్టి మళ్ళీ వదిలేది, హైదరాబాద్ బొమ్మ దానికి చాలా ఏళ్ళు అందలేదు. అంటే తెలుగు జిల్లాలోనే ఉన్నా రిలే స్టేషన్ టౌన్‌లో రోజంతా హిందీనే. నెల్లూరు జిల్లా కింది భాగంలో యాంటెనా మద్రాసుకి తిప్పుకునేవాళ్ళు. ఆ కాలంలో తెలుగు టీవీ అంటే పుట్టుకతో వచ్చే హక్కు కాదు, మీ ఊరు టవర్‌కి ఎంత దగ్గర అన్నదాన్ని బట్టి దొరికేది. మేం పొలిమేర మీద ఉన్నా అదృష్టవంతులమే.

90ల్లో తెలుగుకి డీడీ-8 అని శాటిలైట్ ఛానల్ వచ్చింది, 2000 తర్వాత దానికి సప్తగిరి అని పేరు పెట్టారు. కానీ ఈలోపు 1995 వచ్చేసింది. ఆ ఫిబ్రవరిలో జెమిని, ఆగస్టులో ఈటీవీ. జడ్చర్లలో చదువుకునే రోజుల్లో నేను కేబుల్ ఉన్న ఫ్రెండ్ ఇంటికే పోయేవాణ్ణి. ఊళ్ళోకి కేబుల్ వచ్చాక యాంటెనా ఎవరూ తిప్పలేదు. పైపు అట్లాగే నిలబడింది, అమ్మ దాని నుంచి అవతలి గోడకి తాడు కట్టి బట్టలారేసింది. దూరదర్శన్‌ని ఎవరో చంపారు అని పోస్టులు పెడతారు కదా, నేనైతే ఆ మాట అనలేను. రిమోట్ నా చేతిలోనే ఉంది, మార్చింది నేనే.

ఇంక డిజిటల్ సంగతి. మన జనానికి డిజిటల్ అనే మాట సెట్‌టాప్ బాక్స్ గొడవతో తెలిసింది. 2011లో కేబుల్ చట్టం మార్చి దశలవారీగా అనలాగ్ కేబుల్ ఆపెయ్యాలన్నారు, రెండో దశ 38 నగరాల్లో హైదరాబాద్, విశాఖపట్నం ఉన్నాయి, గడువు 2013 మార్చి 31. ఆ రోజుల్లో నేను హైదరాబాద్‌లో అద్దెకుంటున్నా, కేబుల్ అన్న ఇంటింటికీ తిరిగి బాక్స్ పెట్టుకోండి లేకపోతే బంద్ అని చెప్పడం, జనం కోర్టు స్టే అంట కదా అనడం, ఇదో ఆర్నెల్ల తంతు. పల్లెలకి చివరి దశలో 2017 దాకా పట్టింది. కానీ ఈ సెట్‌టాప్ బాక్స్ గొడవ కంటే చాలా ముందే డిజిటల్ అయింది ఏంటో తెలుసా, దూరదర్శన్ డీటీహెచ్. 2004 డిసెంబర్ 16న డీడీ డైరెక్ట్ ప్లస్ మొదలైంది, తర్వాత పేరు మారి ఫ్రీ డిష్ అయింది. డిష్, బాక్స్ ఒకసారి కొనుక్కుంటే నెల నెలా ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. మా ఊళ్ళో కేబుల్ బిల్లు పెరిగినప్పుడల్లా రెండు మూడు ఇళ్ళు ఫ్రీ డిష్‌కి మారాయి, మా ఇల్లు అట్లాగే మారింది. అంటే చూడండి, 1976లో పోయిన ఛత్రి దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ మా ఊరికి తిరిగొచ్చింది. మధ్యలో ఇన్సాట్ కాలంలో కొన్ని పల్లెలకి జాలి ఛత్రీలు మళ్ళీ ఇచ్చారు గానీ మా ఊరికి రాలేదు.

ఛత్రి వచ్చింది కాబట్టి టవర్ పోయింది. దూరదర్శన్‌ని నడిపే ప్రసార భారతి అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు ఒక్కొక్కటీ ఆపుకుంటూ వచ్చి, సరిహద్దుల్లాంటి ముఖ్యమైన చోట్ల ఓ యాభై తప్ప మిగతావన్నీ 2022 మార్చి 31కల్లా ఆపేస్తామని 2021లో చెప్పింది. ఏటా వంద కోట్ల దాకా ఖర్చు తగ్గుతుంది, వంద మెగాహెర్ట్జ్ పైన స్పెక్ట్రమ్, అంటే గాల్లో సిగ్నల్ పోయే చోటు, ఖాళీ అవుతుంది అన్నారు. లెక్క ప్రకారం తప్పు పట్టడానికేం లేదు, అనలాగ్‌లో ఒక్క ఛానల్ ఏడు మెగాహెర్ట్జ్ మింగుతుంది, అదే చోటులో డిజిటల్ అయితే చాలా ఛానల్స్ పడతాయి. కలబురగిలో మాత్రం జనం ఊరుకోలేదు, మా ట్రాన్స్‌మిటర్ ఎందుకు ఆపుతారు అని గొడవ చేశారు. అదే గుల్బర్గా, నాయినతో పాటు అదే ఎద్దుని కన్నడంలో చూసిన ఊళ్ళు, మన హైదరాబాద్ స్టేషన్‌తో పాటు అదే ఏడు పుట్టిన ట్రాన్స్‌మిటర్.

మా వైపు అలాంటిదేం జరగలేదు. మా దగ్గర టౌన్ రిలే స్టేషన్‌లో చాలా ఏళ్ళు పనిచేసిన ఒక సారు మా మామకి తెలిసినాయన, పండగ తర్వాత పోయి కలిశా. ఆయన పని రోజూ ఏంటంటే గంట గంటకీ మీటర్ చూసి ఫార్వర్డ్ పవర్ (బయటికి పోయేది) ఎంత, రిఫ్లెక్టెడ్ పవర్ (వెనక్కి తిరిగొచ్చేది) ఎంత అని లాగ్ బుక్‌లో రాయడం, కరెంట్ పోతే పరిగెత్తి జనరేటర్ వెయ్యడం. క్రికెట్ మ్యాచ్ రోజు రెండు నిమిషాలు బొమ్మ పోతే చాలు ల్యాండ్‌లైన్ ఆగకుండా మోగేది, కొందరు సైకిళ్ళేసుకుని గేటు దాకా వచ్చేవాళ్ళు. ఒకసారి పండగ రోజు సినిమా మధ్యలో జనరేటర్ మొరాయిస్తే ఊళ్ళో మెకానిక్ అన్నం ముందు నుంచి లేచొచ్చి బాగు చేసి పోయాడట, డబ్బులిస్తే తీసుకోలేదట, మా ఇంట్లోవాళ్ళూ చూస్తున్నారు సారు అని. ఇవన్నీ నవ్వుతూ చెప్పుకొచ్చి చివరికొచ్చేసరికి ఆయన గొంతు తగ్గింది. ట్రాన్స్‌మిటర్ ఆపిన రోజు టైమ్ రాసి, సంతకం పెట్టి, లాగ్ బుక్ మూసి, ఫోన్ పక్కనే సాయంత్రం దాకా కూర్చున్నారట. టీవీ రావట్లేదేంటి సార్ అని ఒక్క ఫోన్, ఒక్కటంటే ఒక్కటి కూడా రాలేదట.

ఆ మాట విన్నాక నాకు కాసేపు మాట రాలేదు. ఆ ఫోన్ చెయ్యని వాళ్ళలో నేనూ ఉన్నా.

టవర్ పోయినందుకు నేను పెద్దగా బాధపడను, ఇదే స్టేషన్ ఇప్పుడు ఛత్రిలో వస్తుంది, ఫోన్‌లో యూట్యూబ్‌లో వస్తుంది, 2024 నవంబర్ నుంచి వేవ్స్ అని ప్రసార భారతి సొంత ఓటీటీ కూడా ఉంది. డల్లాస్‌లో ఉన్న మా చెల్లె యాదగిరిలో బతుకమ్మ లైవ్ చూస్తుంది, టవర్ కాలంలో అది ఊహకందని సంగతి. నా బెంగంతా టేపుల మీద. ముప్పావు అంగుళం యూమ్యాటిక్ టేపులు, తర్వాత బీటాక్యామ్, ఇవి బీరువాలో పెడితే బంగారంలా ఉండేవి కావు. చెమ్మకి బూజు పడతాయి, జిగురు కారి ఒకదానికొకటి అంటుకుంటాయి, పైగా వాటిని తిప్పే మెషిన్లు చేసే కంపెనీలు ఎప్పుడో ఆపేశాయి, మెషిన్ బాగుచేసే చేతులు రిటైర్ అయిపోతున్నాయి. ఎంత మంది బుర్రకథ వాళ్ళు, ఒగ్గుకథ వాళ్ళు, కవులు, హరిదాసులు రామంతాపూర్ స్టూడియోలో ఒకే ఒక్కసారి కెమెరా ముందు నిలబడి ఉంటారు. వాళ్ళ గొంతు ఇంకెక్కడా లేదు, ఆ టేపులో తప్ప. డిజిటల్ అంటే మనం సిగ్నల్ గురించే మాట్లాడతాం, నా దృష్టిలో అసలు డిజిటల్ పని ఇది.

ఇంట్లో మా వంతు కూడా ఒకటి దొరికింది. అటక మీద డబ్బాలో మా పెద్దక్క పెళ్ళి వీహెచ్ఎస్ క్యాసెట్ ఉంది, హైదరాబాద్ తెచ్చి ఒక పాత వీసీఆర్ అరువు తీసుకుని, హెడ్ స్పిరిట్‌తో తుడిచి, యూఎస్‌బీ క్యాప్చర్ కార్డు పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించా. పెళ్ళి అయిపోయి అప్పగింతలు అయిపోయాక క్యాసెట్‌లో ఇంకా టేపు మిగిలుంది. నాయిన ఎప్పుడో అందులో టీవీ రికార్డ్ చేశాడు. చుక్కలు చుక్కలుగా, మా పొలిమేర సిగ్నల్‌తోనే, పదకొండు నిమిషాల తెలుగు వార్తలు. శాంతి స్వరూప్ గారు. తుపాను హెచ్చరిక ఏదో చదువుతున్నారు, మధ్యలో ఒకచోట బొమ్మ ఎగిరిపడి మళ్ళీ నిలబడింది, బహుశా ఆ క్షణంలో మిద్దె మీద యాంటెనా పట్టుకుని ఉన్నది నేనే అయ్యుంటా. ఫైల్ నాయినకి వాట్సాప్‌లో పంపా. మీ ఇళ్ళల్లో కూడా పెళ్ళి క్యాసెట్ల చివర్లో ఇలాంటివి ఉంటాయి, దయచేసి పారెయ్యకండి, చివరి దాకా తిప్పి చూడండి.

2014లో రాష్ట్రం రెండయ్యాక సెప్టెంబర్ 27న స్టేషన్ కూడా రెండయింది, విజయవాడ నుంచి సప్తగిరి, హైదరాబాద్ నుంచి యాదగిరి. వెంకన్న కొండల పేరు అటు, నరసింహస్వామి గుట్ట పేరు ఇటు. అమ్మకి మాత్రం రెండూ కావాలి, బాక్స్‌లో రెండూ వస్తాయి, ఏది ఎక్కడిదన్న పట్టింపు లేదు. సాయంత్రం వ్యవసాయం ప్రోగ్రాంలో ఏదో సైంటిస్ట్ కందిలో పురుగు గురించి చెప్తుంటే నాయిన కూడా వచ్చి కూర్చుంటాడు, పొలం కౌలుకిచ్చి అయిదేళ్ళయినా.

ఆ రోజు డిష్ సంగతికి వస్తే, 93.5 డిగ్రీల తూర్పు దగ్గరుండే జీశాట్-15 ఉపగ్రహం వైపు తిప్పి, డిష్ ముందు సిగ్నల్ పట్టే ఎల్ఎన్‌బీని కొంచెం మెలిపెట్టాక క్వాలిటీ గీత ఒక్కసారిగా ఆకుపచ్చ అయింది. "వచ్చింది, ఆగు, ముట్టుకోకు!" అని అమ్మ, అదే మాట నాయిన ఇంకా గట్టిగా. బోల్టులు బిగించి, కోతులు కదపకుండా రెండు ఇటుకలు అడ్డం పెట్టి దిగా.

తిరిగొచ్చే రోజు పొద్దున నాయిన రా చూపిస్తా అని బడి దగ్గరికి తీసుకుపోయాడు. కొత్త బిల్డింగ్ కట్టారు గానీ వెనక వేపచెట్టు కింద మోకాలెత్తు సిమెంటు దిమ్మె ఒకటి ఉంది, పైన నాలుగు బోల్టుల మొండాలు, తుప్పు పట్టి గోధుమ రంగులో. పిల్లలు దాని మీద టిఫిన్ డబ్బాలు పెట్టుకుంటున్నారు. నాయిన చెప్పులిప్పి దిమ్మె పక్కన నిలబడి, చెయ్యి ఎత్తి చెరువు కట్ట మీదుగా పడమటి ఆకాశం చూపించాడు. "అటు చూస్తుండె" అన్నాడు.